గుంటలో పుట్టాల్సిన వేడి

బసవమ్మ మిరపచేనును వరసగా రెండేళ్ళు చెద తినేసింది. ఎనభైమూడు ఎండాకాలంలో మరిది అంకమ్మరావు తేల్చేశాడు.

"వదినా, ఇంకొక్క పంట చూస్తా. ఇదీ పోయిందంటే ఆ ఎకరం నాకొదిలెయ్. పత్తి ఏసుకుంటా. మొగుడు పోయిన ఆడదానివి, నీకెందుకు సేద్యం?"

మొగుడు పోతే చేను కూడా పోవాలా? ఇదెక్కడి న్యాయం? బసవమ్మ ఏడవలేదు. చెప్పులేసుకుని బయల్దేరింది.

దర్శి చుట్టుపక్కల ఎరువు గుంట ఉందన్న చోటికల్లా నడిచింది. ఒకచోట బోర్డు ఆరడుగులు, గుంట అరడుగు. ఇంకోచోట ఓ పెద్దరైతు పెంటకుప్ప. చెయ్యిపెట్టి కెలికితే పైన పిడకలా ఎండిపోయి ఉంది, లోపల చెద పాకుతోంది.

"ఇదే తోల్తావా బాబాయ్ చేలోకి?"

"పేడన్నాక తోలక తింటామా?"

బసవమ్మ చెయ్యి దులుపుకుంది. తనూ అదే తోలింది. చెదను బండి కట్టి మరీ తెచ్చుకుంది!

చివరికి తమ ఊరి మాలపల్లెలో ఉండే దానయ్య దగ్గరికెళ్ళింది. అతని పెరట్లో వంకాయ మొక్కలు నడుమెత్తు ఉంటాయని ఊరందరికీ తెలుసు. కానీ కూలికి పిలవడానికి తప్ప పల్లె వైపు పోయిన రైతు లేడు. పోయినా బయట నిలబడి కేకెయ్యడమే. బసవమ్మ ఇన్నాళ్ళూ అంతే. ఆ రోజు మాత్రం తిన్నగా పెరట్లోకి నడిచింది.

మట్టితో మెత్తిన గుంటలో గుచ్చి ఉంచిన గునపాన్ని దానయ్య బయటికి లాగాడు.

"పట్టుకోండమ్మా."

చెయ్యి చుర్రుమంది.

"ఈ వేడి గుంటలోనే పుట్టి చల్లారాలి. మీకేమో తొందర. పచ్చిపేడ తోలి, ఆ కుళ్ళే పని చేలో చేయిస్తారు. చెద రాక ఏంజేస్తది?"

పక్కగుంట తవ్వి చూపించాడు. టీపొడిలా పొడిపొడిగా ఉంది. పేడ వాసనే లేదు.

ఊరంతా తగలబెట్టే పత్తికంపను బసవమ్మ అడిగి తెచ్చుకుంది. "పొయ్యిలోకా, పెళ్ళిలోకా?" అని నవ్వినవాళ్ళు నవ్వారు. కంప నరికి గుంటలో పరిచి, వరస వరసకీ పేడనీళ్ళు చల్లి, మట్టి మెత్తి, తడి ఆరకుండా చూసి, నెలన్నరకోసారి తిరగేసింది. పక్కన నిలబడి తప్పులు దిద్దింది దానయ్యే. వానలు పడ్డాక చేనుకు తోలి నారు నాటింది.

సంక్రాంతి పోయాక చేను ఎర్రగా మండింది. నలభైమంది కోతకు దిగారు. అంకమ్మరావు గట్టు దిగి మొక్క పీకి చూశాడు. వేరు తెల్లగా ఉంది, చెద జాడ లేదు.

"వదినా, నాకూ రెండు బళ్ళ ఎరువు..."

"దానయ్యగారినడుగు, ఎట్టా చెయ్యాలో చెప్తారు."

"గారా?"

"గారే. చేను సంగతి చెప్పు ముందు."

"నీదే. నేను కాదన్నానా?"

"గట్టిగా చెప్పవయ్యా. ఆ చివర సాల్లో ఉన్నోళ్ళకి వినపడలా."

అంకమ్మరావు గొంతు సవరించుకున్నాడు.

"చేను మా వదినదే!"

కోతగాళ్ళు ఒక్కసారిగా ఈలలేశారు. బసవమ్మ కొంగు దోపుకుని తన సాలులోకి దిగింది.