లిస్కా మెడలో గంట

మొదట్లో మా బావ గాష్పర్ చేతిలో ఉన్నవి ఇవి: పదకొండు ఆవులు, వాటి పాలతో చీజు చేసే అతని భార్య, మా చెల్లెలు రొజాలియా, కొట్టం గుమ్మం మీద కొత్తగా బిగించిన కెమెరా. ఆ చీజు కొని బోహిన్ లోయలోని ఊళ్లలో అమ్మేవాణ్ణి నేను. అందుకే వాళ్ల లెక్క నాకు తెలుసు.

పాలు పితికాక ఆవులు గుమ్మం దాటేటప్పుడు కెమెరా వాటి నడక చూస్తుంది. వీపు వంచినా, అడుగడుగుకీ తల ఊపినా కాలినొప్పి అని పట్టేసి, ఫోనులో ఆ ఆవు పేరు పక్కన ఎర్ర చుక్క పెడుతుంది. బాగుంటే పచ్చ చుక్క.

సెప్టెంబరులో మంద కొండమేత నుంచి దిగింది. ముందు లిస్కా నడిచింది. పుట్టినప్పుడే తల్లి చచ్చిపోతే రొజాలియా సీసాతో పాలు పట్టి పెంచిన ఆవు అది. ఇప్పుడు చూలుతో ఉంది. పిల్లలు లేని మా చెల్లెలు ఆ దూడ కోసమే ఎదురుచూస్తోంది.

కొండ దిగే రోజు మందను నడిపించే ఆవును రాణి అంటారు, దాని మెడకు పెద్ద గంట కడతారు. అందరూ ఆ సాయంత్రమే విప్పేస్తారు. గాష్పర్ ఇంట్లో మాత్రం నవంబరులో కొత్త వైను తాగే మార్టిన్ పండుగ దాకా విప్పరు.

మర్నాడే లిస్కాకు ఎర్ర చుక్క పడింది.

"అంత బరువు మెడకి కడితే నువ్వూ తలూపుతావు బావా," అని నవ్వాడు గాష్పర్. "కెమెరాకి గంట సంగతేం తెలుసు? పట్నంలో పుట్టింది."

"ఒక్కపూట విప్పి నడిపించు. గంటదో కాలిదో తేలిపోతుంది."

"పండగ రాకుండానా? రాణిని గద్దె దించేశాడంటారు. మా తాత కూడా విప్పలేదు."

"మీ తాతకి కెమెరా లేదుగా."

"నువ్వు నీ చీజు తూకం చూసుకో, చాలు."

రొజాలియా బిందెలు కడుగుతూ అంది: "అన్నయ్యా, అది వెనక ఎడమకాలు ఆచితూచి వేస్తోంది. చెబితే మీ బావ కసురుతున్నాడు."

"గంట బరువుకే!" అన్నాడు గాష్పర్. రోజూ మోగే ఫోనుతో విసిగి, లిస్కా పేరు నొక్కి దాని హెచ్చరికలు ఆపేశాడు.

మార్టిన్ పండుగనాడు కొత్త వైను గ్లాసు పక్కన పెట్టి గంట విప్పాడు. లిస్కా నాలుగడుగులు వేసింది. అడుగడుగుకీ తల ఊపింది. గంట గాష్పర్ చేతిలో ఉంది.

పశువుల డాక్టరమ్మ గిట్ట చెక్కి చూసింది. "చీము కీలు దాకా పోయింది. విషం ఒళ్లంతా పాకింది. మొదట్లోనే పిలిస్తే కట్టు కట్టి వెళ్లేదాన్ని."

"దూడ?" అంది రొజాలియా.

"నెలలు నిండలేదమ్మా, బతకదు."

బాధ లేకుండా ప్రాణం తీసే సూది వేస్తుంటే మా చెల్లెలు లిస్కా తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు.

తర్వాత నేను బండి తీసుకువెళితే గుమ్మంలోనే ఆపింది. "ఇక రాకు అన్నయ్యా. చీజు చెయ్యడం మానేశాను, పాలు డెయిరీ లారీకి పోసేస్తున్నాం."

మిగిలినవి పది ఆవులు, గోడకు గంట, ఖాళీ చీజు అరలు. గాష్పర్ ఫోను చూపించాడు. పది పచ్చ చుక్కలు. లిస్కా పేరు ఇంకా అక్కడే ఉంది. దాని పక్కన ఏ చుక్కా లేదు.