అయిపోయింది, అయిపోయింది

బియ్యపుగింజంత, అంతకన్నా వద్దమ్మా, మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపుగింజంత పేస్టు చాలు, అని పళ్ళ క్లినిక్‌లో రోజుకు పదిమంది తల్లులకు చెప్పే నోరే ఇది, ఇప్పుడు బాత్రూమ్ గడప దగ్గర గొంతుక్కూర్చుని, బాతు బొమ్మ ఉన్న బ్రష్షు పట్టుకుని, ఆ అను తల్లీ, ఒక్కసారి ఆ అను, అని బతిమాలుతోంది, పిచ్చుక మాత్రం పెదాలు రెండూ లోపలికి మడిచేసుకుని, ఒక చేత్తో నోరు మూసుకుని, ఇంకో చేత్తో బొమ్మను చంకలో ఇరికించుకుని, వాషింగ్ మెషీనుకీ గోడకీ మధ్య సందులోకి వెనక్కి వెనక్కి జరుగుతోంది, పెట్టిన పేరు వేరే ఉంది గానీ ఆకలేసినప్పుడు నోరు తెరిచే తీరు చూసి ఇంట్లో అందరికీ పిచ్చుకైపోయింది, ఇప్పుడు ఆ నోరే లేదు, నోరుండాల్సిన చోట ఒక గీత ఉంది, రెండున్నరేళ్ళ మనిషికి ఇంత పంతం ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఇంకెక్కణ్ణుంచి, వాళ్ళమ్మ నుంచే అని అత్తగారు హాల్లోంచి అనకుండా ఉంటే బాగుండు, అననే అంది, అని నవ్వింది కూడా, కట్టుడుపళ్ళు ఇంకా గ్లాసులోనే ఉన్నట్టున్నాయి, నవ్వు గాలిగా వచ్చింది.

ఇవాళ్టితో పద్నాలుగు రోజులు, డాక్టరమ్మ ఇచ్చిన గడువు పద్నాలుగు రోజులే, ఈలోగా పూటపూటా తోమితే పిల్ల పళ్ళ మీద మరక ఆగుతుంది, ఆగకపోతే నాలుగు పళ్ళూ గీకి నింపాల్సిందే అంది, పదిన్నరకి క్లినిక్‌లో మొదటి పేరు పిచ్చుకదే, ఆ పేరు నిన్న సాయంత్రం పుస్తకంలో తనే రాసింది, బిడ్డ పేరు, వయసు, పై వరస ముందు పళ్ళు నాలుగు, రాస్తున్నంతసేపూ ఎవరి పిల్లో అన్నట్టే ఉంది, ఆ మరకను ముందు చూసింది కూడా తను కాదు, అదీ బాధ, అత్తగారి మోకాళ్ళు మొరాయించిన రోజుల్లో పిచ్చుక క్లినిక్‌లోనే గదా ఉండేది, పరికరాలు ఉడికించే యంత్రం పక్కన ఎత్తు స్టూలు మీద, బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, వచ్చేపోయే పిల్లల్ని బుద్ధిగా చూస్తూ, ఒకరోజు ఎందుకో పకపకా నవ్వింది, డాక్టరమ్మ చేతిలో పని ఆపి, ఇలా రా బంగారం అని పై పెదవి ఎత్తి చూసింది, చిగురు పక్కనే, సన్నగా, టీ మరకలా, రాత్రి పాలసీసా అలవాటుందా అని అడిగింది, అందరు తల్లుల్నీ అడిగినట్టే, తనూ అందరు తల్లులూ చెప్పినట్టే చెప్పింది, ఎప్పుడైనా అండీ, ఎప్పుడైనా, అబద్ధం, రోజూ, రోజంతా ఊళ్ళోవాళ్ళ పిల్లల ఏడుపులు విని వచ్చి ఇంట్లో ఇంకో ఏడుపు వినే ఓపిక లేక, సీసా నోట్లో పెట్టి జోకొట్టేసేది, సీసాతో నిద్రపుచ్చకండి అని క్లినిక్ గోడ మీద అంటించిన కాగితం తన చేతిరాతే, శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు.

చెయ్యందేముంది గనక ఈ రెండు వారాల్లో, మొదటి రోజు స్ట్రాబెర్రీ పేస్టు తెచ్చింది, పిచ్చుక తోమనివ్వలేదు, నాకేసి ఇంకా కావాలంది, మూడో రోజు పాట కట్టి పాడింది, పాట మాత్రం వచ్చేసింది, అయిదో రోజు వాళ్ళ నాన్న బ్రష్షును విమానం చేసి ఇల్లంతా తిప్పి తీరా దింపబోయేసరికి విమానాశ్రయం మూసేశారు, ఒక్క పూట తోమకపోతే కొంపలేం మునిగిపోవులే అని ఆయన టవలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు, ఏడో రోజు అత్తగారు కట్టుడుపళ్ళు తీసి కుళాయి కింద పట్టి, చూశావటే మనవరాలా, ఎంత హాయో, ఏడుపూ లేదు పెడబొబ్బా లేదు అని చూపించింది, పైగా, పాలపళ్ళే కదమ్మా, ఎలాగూ ఊడేవే కదా, వాటికింత రాద్ధాంతం దేనికి అంది, అలా కాదత్తయ్యా, పుచ్చితే నొప్పి, చీము, కింద వచ్చే పళ్ళక్కూడా, అని ఏదో మొదలుపెట్టింది, క్లినిక్‌లో గడగడా వచ్చే మాటలు ఇంట్లో సగంలోనే ఆగిపోయాయి, పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు, అత్తగారు అప్పటికే పళ్ళు పెట్టుకుని టీ అడిగింది.

పదకొండో రోజు, తలుచుకోకూడదు, తలుచుకోకపోతే మాత్రం పోతుందా, పదకొండో రోజు క్లినిక్‌లో పిల్లల్ని పట్టుకున్నట్టే పట్టుకుంది, నీ పట్టు ఉంటే నాకు సగం పని అయిపోయినట్టే అంటుంది డాక్టరమ్మ, పిల్ల తల ఎడమ చంకలోకి, మోచెయ్యి గుండె మీద, బొటనవేలూ చూపుడువేలూ చెరో బుగ్గ మీద, పళ్ళ వరసలు కలిసే చోట కొంచెం నొక్కితే ఏ నోరైనా తెరుచుకోవలసిందే, ఎనిమిదేళ్ళుగా ఎన్ని నోళ్ళో, నొక్కుతూనే చెవిలో చల్లగా అయిపోయింది అయిపోయింది అంటూ ఉండాలి, అయిపోకముందే అనాలి, అదే కిటుకు, ఆ మాట విన్న పిల్లలు ఒక్క క్షణం ఏడుపు ఆపుతారు, డాక్టరమ్మకు ఆ క్షణం చాలు, అలాగే ఆ రోజు తన పిల్ల నోరూ తెరిచింది, పళ్ళు నాలుగు వైపులా శుభ్రంగా తోమింది, అయిపోయింది అయిపోయింది, వేళ్ళ కింద ఆ దవడ ఎంత చిన్నదో, మధ్యలో ఏడుపు ఆగింది, కళ్ళు పైకి తిరిగి తన కళ్ళలోకి చూశాయి, ఆ చూపు తనకు కొత్తేమీ కాదు, కుర్చీలో పిల్లలందరూ అలాగే చూస్తారు, వాళ్ళు చూసేది పరాయి మనిషిని, ఆ రోజు నుంచి తను కలిపి పెడితే ముద్ద తినదు, నానమ్మే పెట్టాలి, తను గదిలోకి అడుగుపెడితే నమిలేది కూడా ఆపి పెదాలు మడిచేసుకుంటుంది, కన్నతల్లిని చూస్తే నోరు మూసుకునే పిల్ల, ఈ మాట ఎవరితో చెప్పుకోవాలి, చెబితే నవ్వుతారు, నవ్వాల్సిన విషయమే, తనకే నవ్వు రావడం లేదు.

తొమ్మిదీ పది, బస్సుకింకా అరగంట, పది సెకన్లు, ఒక్క పది సెకన్లు తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా, అని నిజంగానే ఆ బుజ్జి పాదాన్ని పట్టుకుంది, పిచ్చుక కాలు విదిలిస్తే బ్రష్షు ఎగిరి మెషీను కిందకి దొర్లింది, సరే, వద్దులే, ఇంకేం చెయ్యను, ఇవాళ తోమినా తోమకపోయినా పదిన్నరకి కుర్చీలో కూర్చోక తప్పదు, పట్టుకునేదెవరు, కావాలంటే నువ్వు బయటుండు అంది డాక్టరమ్మ, బయటుంటే లోపల ఉండేదెవరు, ముందు గదిలో ఫోన్లెత్తే ఆవిడా, ఆవిడ సూది చూస్తేనే కళ్ళు తిరిగి పడుతుంది, తనే, తన చేతులే, ఊళ్ళో అందరి పిల్లలకూ పనికొచ్చిన చేతులు, ఏడుపు ముంచుకొచ్చింది, అత్తగారికి వినపడకుండా కుళాయి తిప్పి, గోడవైపు తిరిగి ఏడ్చింది, చదువుకుని, జీతం తీసుకుని, నలుగురికీ నేర్పే మనిషి, ఒక్క పసిపిల్లకు ఒక్క అలవాటు నేర్పలేకపోయింది, దానికేమీ రాలేదు, రెండు వారాలు గంగలో కలిసిపోయాయి.

బకెట్టు నిండి నీళ్ళు పొర్లుతున్నాయి, కుళాయి కట్టేసింది, కట్టేశాక వినిపించింది, సందులోంచి, గుసగుసగా, ఎవరినో ఓదారుస్తున్నట్టు, అయిపోయింది, అయిపోయింది, తిరిగి చూసింది, మెషీను కింద పడ్డ బ్రష్షు పిచ్చుక చేతిలో ఉంది, బొమ్మ తల ఎడమ చంకలో ఉంది, మోచెయ్యి బొమ్మ గుండె మీద, బొటనవేలూ చూపుడువేలూ చెరో బుగ్గ మీద, సరిగ్గా ఎక్కడ నొక్కాలో అక్కడే, తనకే ఆ పట్టు రావడానికి ఆర్నెల్లు పట్టింది, బొమ్మ మూసుకున్న మూతి మీద బ్రష్షు పైకీ కిందకీ, గుండ్రంగా, చిగురు వైపు నుంచి, ఒక్కటీ తప్పు లేదు, అయిపోయింది అంటోంది, ఆపడం లేదు, మళ్ళీ అయిపోయింది అంటోంది, మళ్ళీ తోముతోంది, ఏమీ రాలేదనుకుంది గదా, అన్నీ వచ్చాయి, స్టూలు మీద కూర్చుని చూసినవీ వచ్చాయి, పదకొండో రోజు ఒంటి మీద పడినవీ వచ్చాయి, నోరు తెరవడం ఒక్కటే రాలేదు, పిచ్చుక తలెత్తి చూసింది, అమ్మ చూస్తోందని తెలిసి, ఇంత బాగా చేశానే అన్నట్టు, పద్నాలుగు రోజుల్లో మొదటిసారి నోరంతా తెరిచి నవ్వింది, పైన నాలుగు పళ్ళ మీదా మరక, అప్పటికన్నా వెడల్పుగా, తన చెయ్యి దానంతటదే లేచింది, బుగ్గల వైపు వెళ్ళబోయింది, ఆమె దాన్ని వెనక్కి తీసుకుని మోకాలి కింద పెట్టుకుంది, నవ్వు ఇంకా అక్కడే ఉంది, పిల్ల ఇంకా అయిపోయింది అంటూనే ఉంది, ఈ పిల్ల తన దగ్గర నేర్చుకున్న మొదటి అబద్ధం అదేనని, ఎంతో ఓపిగ్గా, రోజూ, దాన్ని నేర్పింది తనేనని ఆమెకు తెలిసింది.