జడ్జిగారు తిన్న పళ్ళు

మా పెరట్లో ఒక ఎర్ర కోడిపెట్ట ఉంది. పేరు జడ్జిగారు. ఆ పేరు పెట్టింది నేనే, ఊరంతా గొప్పలు చెప్పుకునేదీ నేనే. పెరట్లో ఏ కొత్త మొక్క మొలిచినా, ఏ కాయ కాసినా ముందు దాని ముందు వేస్తాను. అది పొడుచుకు తింటే మనమూ తినొచ్చు. మొహం తిప్పుకుంటే పీకి పారెయ్యాల్సిందే. వీధిలో వాళ్ళు కూడా ఆకులు పట్టుకుని మా గుమ్మం ఎక్కేవాళ్ళు. అంత పరపతి మాది!

మా కోడలికి మాత్రం ఇది గిట్టదు. బస్సు కండక్టరు ఆ పిల్ల. పొద్దస్తమానం జనంతో వాదించే గొంతు ఇంటికొచ్చినా తగ్గదు. "కోడికి తెలిసింది కోడి కడుపు సంగతే అత్తయ్యా" అనేది. "నిన్న గాక మొన్న వచ్చావు, నాకు చెప్పొచ్చావా!" అని కసిరేదాన్ని.

ఆ రోజు మా అమ్మాయి పిల్లలిద్దరూ వచ్చారు. గోడ పక్కన దానంతటదే మొలిచిన తీగకి నల్లటి పళ్ళు నిగనిగలాడుతూ గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. జడ్జిగారి కాపురం వారం నుంచి ఆ తీగ కిందే. రాలినవన్నీ మింగుతోంది, హాయిగా గుడ్లు పెడుతోంది. ఇంకేం కావాలి? గిన్నెడు కోసి, కడిగి, చక్కెర చల్లి పిల్లల ముందు పెట్టాను. చిన్నది అప్పటికే ఒకటి చేతిలోకి తీసుకుంది.

సరిగ్గా అప్పుడే కోడలు డ్యూటీ దిగి వచ్చింది. గుమ్మంలోంచే, "కింద పడెయ్!" అని ఒక్క అరుపు అరిచింది. కదిలే బస్సు కూడా ఆగిపోవాలి ఆ అరుపుకి. పిల్ల చేతిలోంచి పండు జారిపోయింది. కోడలు గబగబా వచ్చి గిన్నె లాక్కుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "జడ్జిగారు తింది! ఈ పండు గురించి నీకేం తెలుసే?"

"ఏమీ తెలియదు. అందుకే పిల్లల నోట్లో పెట్టనివ్వను."

"నా ఇంట్లో నా మాటకే విలువ లేదా?"

కోడలు గిన్నెని పిల్లలకి అందకుండా గూట్లో పెట్టింది. పెరట్లోకి వెళ్ళి రెండు పండుమిరపకాయలు కోసుకొచ్చింది. ఒకటి కోడి ముందు వేసింది. జడ్జిగారు టకటకా పొడిచి, గింజలతో సహా మింగి, ఇంకోటి ఏదీ అన్నట్టు చూసింది. ఆ ఇంకోటి నా చేతిలో పెట్టింది కోడలు. "అది తింది కదా అత్తయ్యా. కానివ్వండి."

మొండిఘటాన్ని, వెనక్కి తగ్గుతానా? కసుక్కున కొరికాను. అమ్మో, అమ్మో! కళ్ళల్లోంచి, ముక్కులోంచి ఒకటే ధార. పిల్లలు పడీ పడీ నవ్వారు. చెంబెడు నీళ్ళు తాగినా మంట చల్లారలేదు. కోడికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. అప్పుడు చూశాను గిన్నె వైపు. ఆ పళ్ళూ ఇదే కోడి తిన్నవే కదా!

సాయంత్రం మొక్కల నర్సరీ ఆయన్ని పిలిపించాం. తీగ చూడగానే తల పట్టుకున్నాడు. "పిట్టలు దీన్ని తిని తిరుగుతాయమ్మా, మనుషులకి మాత్రం విషం. గుప్పెడు తింటే పిల్లలు దక్కరు."

చిన్నదాన్ని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చేశాను. మిరపకాయ ఘాటని బుకాయించలేదు. తీగని అప్పటికప్పుడే వేళ్ళతో సహా పీకించాను.

మర్నాడు పక్కింటావిడ అలవాటు కొద్దీ ఏదో ఆకు పట్టుకొచ్చింది. "జడ్జిగారికి వేద్దామా?"

"జడ్జిగారు రిటైరయ్యారు. ఇక మా కోడల్ని అడగండి" అన్నాను, వీధి చివరిదాకా వినపడేలా. "మా కోడలంటే ఏమనుకున్నారు! నా ముందు నిలబడి కాదంది. నాకే ఎదురు చెప్పి పిల్లల్ని కాపాడిందంటే మాటలా? మా ఆయన వల్ల కూడా కాలేదు ఆ పని!"

లోపల యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్న కోడలు సిగ్గుతో పరిగెత్తుకొచ్చింది. "ఊరుకోండి అత్తయ్యా, ఆకుల గురించి నాకేం తెలుసని?"

"తెలియదని చెప్పడం తెలుసు కదే. ఆ కోడి ఒక్కసారైనా ఆ మాట అందా? పోనీ, నేను అన్నానా?"