కుడిచేతి సగం

హోల్‌బ్రెక్ కౌంటీలో కంచె ఎవరు బాగుచేయాలన్న తగువు కోర్టుదాకా వెళ్ళదు. ఇద్దరు రైతులూ సరిహద్దు మధ్యలో, ముళ్ళతీగకు చెరోవైపు, ఎదురెదురుగా నిలబడతారు. ఎవరి కుడిచేతి వైపు సగం వాళ్ళది. అవతలి సగం మీద చెయ్యి వేస్తే, నీకు చేతకావడం లేదని మొహం మీద అన్నట్టే.

లాంబర్ట్ హావెల్కాకూ తమ్ముడు ఎల్డన్‌కూ మధ్య కంచె మైలు పొడవు. పడమర కొసన వాగు, తూర్పు కొసన రోడ్డు, నడిమికి కాస్త రోడ్డువైపుగా దిబ్బ. వాళ్ళ తాత బొహీమియా నుంచి అమెరికా వచ్చి, ఆ దిబ్బ పక్కన గడ్డితో సహా మట్టి పెళ్ళలు కోసి ఇల్లు కట్టాడు. తండ్రి ఆ నేలను ఇద్దరికీ పంచాడు. ఉత్తరం లాంబర్ట్‌కి, దక్షిణం ఎల్డన్‌కి. ఆ లెక్కన వాగు వైపు సగం అన్నది, రోడ్డు వైపు సగం తమ్ముడిది.

వాళ్ళ మధ్య మాటలు ఆగిపోయింది బడి దగ్గర. కౌంటీలో పిల్లలు తగ్గిపోయారు. పల్లె బడి మూసేసి, ఉన్నవాళ్ళను పట్నం బడికి బస్సులో పంపాలా వద్దా అని బోర్డు ఓటు పెట్టింది. లాంబర్ట్ మూసేయడానికి చెయ్యెత్తాడు. ఆ బడిలో టీచరు ఎల్డన్ భార్య మార్జీన్. బడి తర్వాత కిరాణా కొట్టు పోయింది, ఆ తర్వాత పోస్టాఫీసు. చర్చిలో ఇప్పుడు నెలకొకసారే ప్రార్థన. అన్నదమ్ములు చెరో వరసలో కూర్చుంటారు.

అయినా ఏటా మంచు కరిగాక, ఏప్రిల్ మొదటి శనివారం, ఇద్దరూ నడిమి గుంజ దగ్గరికి వచ్చేవారు. టోపీ అంచు తాకేవారు. ఒకరు పడమరకి, ఒకరు తూర్పుకి పని మొదలుపెట్టేవారు.

ఈ ఏడు ఎల్డన్ రాలేదు. లాంబర్ట్ ఫ్లాస్కులో కాఫీ అయిపోయేదాకా చూసి, తన సగం తాను బాగుచేసుకుని వెళ్ళిపోయాడు.

మే నెల వచ్చినా రోడ్డు పక్కన ఎల్డన్ తీగలు నేలమీదే ఉన్నాయి. ధాన్యం గోదాం ఆఫీసులో పొద్దున్నే కాఫీకి చేరేవాళ్ళు అది చూసే వచ్చేవారు.

“ఏమోయ్ లాంబర్ట్, మీ తమ్ముడి కంచె నిద్రపోతోంది. జోల పాడుతున్నావా?” అన్నాడు ఓర్విల్ పెషెక్.

“నా సగం నిలబడే ఉంది. వెళ్ళి చూసుకో.”

“చూశాలే. మీకంటే ఆ రెండు కొరియాలు నయం. అప్పుడప్పుడూ ఫోనన్నా చేసుకుంటాయి.”

ఇంట్లో భార్య వెర్నా కూడా అదే ఎత్తింది. “వెళ్ళి నాలుగు మేకులు కొట్టి రారాదూ? రేపు దాటేది మన ఆవులేగా.”

“అది వాడి సగం.”

“ఒంట్లో బాలేదేమో.”

“ట్రక్కు నడుపుతున్నాడుగా. నిన్న ఎదురొచ్చాడు. వేలు కూడా ఎత్తలేదు.”

మా రోడ్ల మీద ఎదురొచ్చినవాళ్ళకి స్టీరింగ్ మీద ఉన్న కుడిచేతి వేలొకటి ఎత్తుతాం. పగవాడికైనా ఎత్తుతాం. బడి మూసిన ఏడాది కూడా ఎల్డన్ ఎత్తాడు. పడిపోయిన తీగ కంటే ఆ ఎత్తని వేలే లాంబర్ట్‌ని గుచ్చింది.

జూన్‌లో లాంబర్ట్ ఆవులను ఆ బీడులోకి వదిలాడు. రెండోరోజే ఒక ఆవు రోడ్డు దగ్గర కంచె దాటింది. దాన్ని వెతుకుతూ వెళ్ళిన లాంబర్ట్‌కి, గుంజకు వీపు ఆనించి కూర్చున్న ఎల్డన్ కనిపించాడు. ఒళ్ళో టోపీ ఉంది. కటింగ్ ప్లయర్ ఎడమచేతి పక్కన గడ్డిలో పడి ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది.

అంబులెన్సులో వచ్చింది ఓర్విలే. మా దగ్గర ఆ పని ఊళ్ళోవాళ్ళే చేస్తారు. అతను టోపీ తీసి, స్ట్రెచర్ ఒక కొస పట్టుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక లాంబర్ట్ ఆ కంచె వెంట దిబ్బ ఎక్కి, అవతలికి దిగాడు. రోడ్డు నుంచి కనిపించని ఆ వైపంతా కంచె నిలబడి ఉంది. నడిమి గుంజ నుంచి దిబ్బ మీదుగా దాదాపు రోడ్డుదాకా ప్రతి గుంజకూ తీగ బిగించి ఉంది. తెగినచోటల్లా తీగ కొసలను కలిపి మెలిపెట్టాడు. మెలికలన్నీ తిరగేసి ఉన్నాయి. ఎల్డన్‌ది కుడిచేతివాటం. కుడిచేత్తో ఎవరూ అటువైపు తిప్పరు.

సమాధి దగ్గర కార్యక్రమం అయ్యాక, చర్చి నేలమాళిగలో ఆడవాళ్ళు హామ్ శాండ్‌విచ్‌లూ, ఆల్‌బుఖారా పండు గుజ్జు పెట్టిన కొలాచీ బన్నులూ వడ్డించారు. లాంబర్ట్ ప్లేటు పట్టుకుని మార్జీన్ ఎదుట నిలబడ్డాడు.

“చెయ్యి ఎప్పట్నుంచి?”

“మార్చిలో పడిపోయింది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబుతానన్నాను. వద్దన్నాడు. చెబితే అన్నయ్య వచ్చి నా సగం చేసేస్తాడన్నాడు.”

లాంబర్ట్ ప్లేటు బల్లమీద పెట్టాడు. “మిగిలింది నన్ను చెయ్యనీ మార్జీన్.”

“నాలుగు గుంజలే మిగిలాయి. నేను చేస్తా.”

“నీకేం వచ్చు?”

“ఏం రాదు. నీ ఓటుకి ముందు నాకు బడి ఒక్కటే వచ్చు.” ఆమె గొంతు పెంచలేదు. “శనివారం రా. నీ వైపు నిలబడి తీగ పట్టుకో. మేకులు నేను కొడతా.”

శనివారం ఆమె ఎల్డన్ టోపీ పెట్టుకుని వచ్చింది. లాంబర్ట్ తీగ లాగి పట్టుకున్నాడు. ఆమె కొట్టిన మేకులు కొన్ని వంగాయి. వాటిని పీకి మళ్ళీ కొట్టింది. ఒకసారి సుత్తి అతని వేలిమీద పడింది. ఆమె ఆగి చూసింది. అతను తీగ వదల్లేదు.

చివరి గుంజ అయ్యాక సుత్తి చంకన పెట్టుకుంది. టోపీ అంచు తాకి, ఇంటివైపు నడిచింది.