వెనక సీటు

వైమానిక దళానికి వచ్చిన తొలి జెట్ శిక్షణ విమానాల్లో అదొకటి. ముందు సీట్లో నేర్చుకునేవాడు, వెనక సీట్లో నేర్పేవాడు. ఆ వెనక సీట్లో సగం ఉద్యోగం వెళ్లదీసిన మనిషికి శిష్యులు పెట్టిన పేరు నెమ్మది మాస్టారు. ఆయన కన్నుమూశాడు. విమానం మాత్రం నాలుగు రోడ్ల కూడలిలో స్తంభమెక్కి, ఎండకీ వానకీ వెలిసిపోతూ మిగిలింది.

రంగులేయడానికి దాన్ని కిందికి దించారని తెలియగానే మాస్టారి భార్య చెప్పులేసుకుంది.

"ఈ మోకాళ్లతో ఎక్కడికమ్మా?" అంది కూతురు.

"ఉన్నవి ఇవేగా! ఇంకో జత కొనిపెట్టావా?"

విసుక్కుంటూనే కూతురు వెంట నడిచింది.

పెళ్లైన కొత్తలో ఆయనకి ఎప్పుడూ ఆ విమానం కబుర్లే. "పాత ఫ్యాను విమానంలా కాదే ఇది. వేగం అడిగితే వెంటనే పలకదు. కుర్రాళ్లు కంగారుపడి ఇంకా తోస్తారు. అప్పుడొక్కసారిగా ఉరుకుతుంది. ముందే అడిగి, ఓపిక పట్టాలి."

"సవతిని నా ముందే పొగుడుతారా! నన్నూ ఒకసారి ఎక్కించండి, చూస్తాను."

"రూల్సు ఒప్పుకోవే. రిటైరయ్యే రోజు మా పెద్దాఫీసరు కాళ్లు పట్టుకునైనా ఎక్కిస్తాను."

తీరా ఆయనకంటే ముందు విమానమే రిటైరైంది. కొత్తవి వచ్చాయి. మాట మాటగానే ఉండిపోయింది.

"లోపలేమీ లేదు మామ్మగారూ, పిట్టగూళ్లు తప్ప," అన్నాడు రంగుల మేస్త్రీ.

"ఫర్వాలేదు నాయనా, ఎక్కించు."

ఇద్దరు పట్టుకుని నిచ్చెన ఎక్కించారు. వెనక సీటు ఎప్పుడో పీకేశారు. మేస్త్రీ రంగు డబ్బా బోర్లించి వేస్తే దానిమీద కూర్చుంది. ఆకాశం ఎదురుగా పరుచుకుంటుందనుకుంది. ముందు సీటు వీపు తప్ప ఏమీ కనబడలేదు. ఇన్నేళ్లూ ఈయన చూసింది ఇదా! ఎవరెవరి పిల్లల తలకాయలనో చూసుకుంటూ, వాళ్లు తప్పు చేస్తే తప్ప చెయ్యి కదపకుండా కూర్చున్నాడా!

వేగం పెంచే పిడి ఇంకా ఉంది. ఆయన అరచెయ్యి ఆనిన చోట తన చెయ్యి ఆనించింది. తుప్పు చేతికంటింది. తుడుచుకోలేదు. "ఏమండీ," అంది, ఎవరికీ వినపడకుండా.

ఇంతలో నిచ్చెన కిర్రుమంది. కూతురు ఎక్కి, ముందు సీట్లో కూర్చుంది.

"ఏం కనబడుతోందే?"

"అంతా కనబడుతోందమ్మా! నువ్వూ ఇటు వచ్చి కూర్చో."

ఆవిడ కూతురి తలలో నెరుస్తున్న వెంట్రుకలకేసి చూస్తూ ఉండిపోయింది.

"వద్దులే," అంది చివరికి. "నాకిక్కడే బాగుంది."