మా మరిది టెంప్లేట్

మొన్నమొన్నటిదాకా మా ల్యాబులో ఆరోగ్యవంతుడంటే ఎవరయ్యా అంటే మా మరిది. ఇది నా అభిప్రాయం కాదు, కంప్యూటరు అభిప్రాయం. దానికి ఆ అభిప్రాయం నూరిపోసినవాడు కూడా మా మరిదే కాబట్టి కాదనే దిక్కు లేకపోయింది.

ముందు నా పనేమిటో చెప్తాను. రక్తంలోంచి తీసిన సీరాన్ని యంత్రంలో పెడితే అందులోని ప్రోటీన్లు విడిపోయి తెర మీద ఒక గీతగా వస్తాయి. గీతలో ఐదు గుట్టలుంటాయి. మేం వాటిని పీక్‌లంటాం. మొదటిది నిటారుగా ఉంటుంది. చివరిది దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు వెడల్పుగా ఉండాలి. దాని మీద సన్నటి మొన లేచిందంటే ఎముకల మూలుగలో ఏదో చెడిందని అనుమానించాలి. మేమంతా ఉన్నది ఆ మొనను పట్టుకోవడానికే. ఇవాళ దొరికితే మందు పనిచేస్తుంది. ఏడాది పోయాక దొరికితే మేం ఉండీ లేనట్టే.

పదిహేడేళ్లుగా గ్రాఫుల సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో గీతా తెరిచి, ఒక్కో పీక్‌కీ మౌస్‌తో హద్దులు పెట్టి, కుదిరిందో లేదో కళ్లారా చూసి, సంతకం పెట్టే డాక్టరమ్మకు పంపేదాన్ని. రోజుకు నూట ఇరవై గీతలు. ఇదంతా కంప్యూటరు చేత చేయించే మనిషి కోసం ల్యాబువాళ్లు వెతుకుతున్నప్పుడు, మా మరిది ఇంట్లో ఖాళీగా కూర్చుని మా అత్తగారి బుర్ర తింటున్నాడు కదా అని నేనే అతని పేరు చెప్పాను. ఎవర్నీ అనడానికి లేదు, చేజేతులా తెచ్చుకున్నాను.

వచ్చిన రోజే నా కుర్చీ వెనక నిలబడి అరగంట చూశాడు.

"వదినా, ఇలా ఒక్కొక్కటీ చేసుకుంటూ పోతే ఎప్పటికి తెల్లారుతుంది?"

"సాయంత్రానికల్లా అయిపోతుంది, నీకెందుకు బెంగ?"

"నాకు నాలుగు నిమిషాలు చాలు. ఒక మంచి గీతను ఫిట్ చేసి, హద్దులతో సహా టెంప్లేట్‌గా, అంటే నమూనాగా దాచేస్తా. మిగతావన్నీ దాన్ని చూసి కుదురుకుంటాయి."

"ఒకర్ని చూసి ఒకరు కుదురుకోవడానికి అవి మనుషుల రక్తాలు నాయనా, యూనిఫారాలు కావు."

"నువ్వు చూస్తూ ఉండు."

చూశాను. ల్యాబంతా చూసింది. అందర్నీ పోగుచేసి, ఒక బటన్ నొక్కి, నూట ఇరవై గీతల్నీ నాలుగు నిమిషాల్లో ఫిట్ చేయించాడు. కుదిరినదానికి పచ్చ చుక్క, కుదరనిదానికి ఎర్ర చుక్క. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను, బంధువుని కదా. ఆ రోజు నుంచి అతని పేరు 'నాలుగు నిమిషాలు' అయిపోయింది. ఎక్కడ పిలిచినా పలికేవాడు, పైగా పొంగిపోయేవాడు.

చప్పట్లయ్యాక లెక్కపెడితే నూట ఇరవైలో తొంభై ఎర్ర చుక్కలే. మనవాడు చలిస్తేగా! జ్వరం తగ్గకపోతే థర్మామీటరు మార్చినట్టు, ఎంత తేడా వరకు పచ్చ ఇవ్వాలన్న హద్దును సడలించాడు. ఎరుపులు ముప్పైకి దిగాయి.

"ఆ ముప్పై నీకు వదినా. పచ్చవి నువ్వు ముట్టుకోనక్కర్లేదు. అంకెలు తిన్నగా డాక్టరమ్మగారికి పోతాయి."

"గీత చూడకుండా సంతకమెలా పెడతారు మేడమ్?" అని డాక్టరమ్మను అడిగాను.

"కంప్యూటర్ చూసిందిగా" అందావిడ. ఆవిడకూ ఇంట్లో బోలెడు పనులుంటాయి మరి.

ఇంటి దగ్గర ఆ డప్పు ఇంకా గట్టిగా మోగేది. భోజనాల దగ్గర మరిది తన టెంప్లేట్ గొప్పలు చెప్తూ ఉండేవాడు. అత్తగారు అతని వీపు వెనక దిండు సర్దుతూ ఉండేవారు. కొడుక్కి నడుం నొప్పి. అంత పని నెత్తిన వేసుకుంటే నొప్పి రాదా అని ఆవిడ బాధ.

"నాలుగు నిమిషాల పనికే నడుం పట్టేసిందట!" అని నేను ఎగతాళి చేశాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

అలా నాలుగు నెలలు గడిచాయి. నా వాటా ఎర్ర గీతలు రోజూ వచ్చేవి, రోజూ ముచ్చటగా ఉండేవి. ఐదు పీక్‌లూ బుద్ధిగా ఎక్కడివక్కడ, చివరిది వెడల్పుగా, హాయిగా. వీటికి ఎరుపెందుకు? ఇంకో సంగతి కూడా నన్ను తినేస్తోంది. ఇన్నేళ్లలో నెలకు మూడో నాలుగో మొనలు నా కంటపడేవి. ఈ నాలుగు నెలల్లో ఒక్కటంటే ఒక్కటీ లేదు. మరిదిగారి టెంప్లేట్‌కు భయపడి జనం జబ్బుపడటం మానేశారా?

ఒక మధ్యాహ్నం ముట్టుకోవద్దన్న పచ్చవాటిలోంచి, అన్నిటికన్నా బాగా కుదిరిందని కంప్యూటరు మురిసిపోయిన గీతను తెరిచాను. చివరి గుట్ట మీద మొన. రెండోది తెరిచాను, దాని మీదా మొన. టెంప్లేట్ తెరిచి చూశాను.

"ఇది ఎవరి గీత?"

మరిది కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "నాదే. ఆరోగ్యంగా ఉన్న మనిషిది కావాలి కదా! ఇంకొకళ్లదైతే అనుమతులూ గినుమతులూ. రక్తం నేనే ఇచ్చుకున్నా. ఎంత అందంగా వచ్చిందో చూశావా?"

చూశాను. అందంగానే ఉంది. ఐదో పీక్ వెడల్పుగా పడుకోలేదు, మేకులా లేచి నిలబడింది. ఆరోగ్యమంటే అలా ఉంటుందని ఆ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది. బాగున్నవాళ్ల గుట్టలు నచ్చక వాళ్లకు ఎరుపు పెట్టింది, ఇతనిలాంటివాళ్లు కనబడితే పచ్చజెండా ఊపింది. నా ఎగతాళి అక్కడితో ఆగింది. నాకు అలా జరగడం ఎంత అరుదో మా ఆయన్ని అడగండి.

"నడుం నొప్పి ఎప్పట్నుంచి?" మూలుగ జబ్బు చాలామందిలో నడుం నొప్పితోనే మొదలవుతుంది.

"అది ఈ కుర్చీ వల్ల వదినా."

"ఎప్పట్నుంచిరా?"

"ఏడాదయింది." అప్పుడు నా మొహంలోకి చూశాడు. "ఏమైంది? ఫిట్ తొంభై తొమ్మిది శాతం పైనే ఉంది కదా."

"నీ గీత నీకు కుదరక చస్తుందా!" అని అరిచేసి, వెంటనే నాలుక కరుచుకున్నాను.

అతనికి అర్థమైంది. తెలివితక్కువవాడు కాదు, తెలివి ఎక్కువై కళ్లు నెత్తికెక్కినవాడు, అంతే. నేను చెయ్యి పట్టుకుని నర్సు దగ్గరికి తీసుకెళ్లాను. కొత్తగా తీసిన రక్తాన్ని యంత్రంలో పెట్టి, వచ్చిన గీతకు నేనే హద్దులు పెట్టాను. ఐదు కాదు, మొనతో కలిపి ఆరు పీక్‌లు. డాక్టరమ్మ నాలుగు నెలల్లో మొదటిసారి ఒక గీతను చూసింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పెద్దాసుపత్రిలో మూలుగ పరీక్ష చేయించాలి. రేపే" అంది. నా వైపు మాత్రం చూడలేదు.

ధైర్యం చెబుదామని నేను మరిది దగ్గరికి వెళ్లాను. అతను అడిగింది వేరు.

"వదినా, నాలాంటివాళ్లను ఎంతమందిని బాగున్నారని ఇంటికి పంపించేశాను?"

నాకు ఏడుపొచ్చింది. పదిహేడేళ్లలో ల్యాబులో ఏడవలేదు, ఆ రోజు మాత్రం ఆపుకోలేకపోయాను. ఆ నాలుగు నిమిషాల మనిషి కన్నీళ్లు కారుస్తూనే పచ్చ గీతలన్నిటినీ వరసపెట్టాడు, బాగా కుదిరినవి ముందు వచ్చేలా. నేను ఒక్కొక్కటీ తెరిచి చూస్తున్నాను, అతను రాసుకుంటున్నాడు. మర్నాడు పరీక్షకు వెళ్లొచ్చి, నడుముకు వేసిన కట్టుతోనే మళ్లీ వచ్చి కూర్చున్నాడు. పొమ్మంటే పోలేదు. మూడో రోజుకు పన్నెండుమంది తేలారు. అదే రోజు అతని ఫలితం కూడా వచ్చింది. అనుమానమే నిజమైంది, మందు మొదలుపెట్టాలి.

పన్నెండుమందికీ తను ఫోన్ చేస్తానంది డాక్టరమ్మ. మరిది ఫోన్ ఇవ్వలేదు.

జాబితాలో మొదటివాడు బస్సు డ్రైవరు. మూడు నెలల క్రితం మేం పచ్చ చుక్క పెట్టి పంపిన మనిషి.

"నమస్కారమండీ, ల్యాబు నుంచి. మీ రిపోర్టు బాగుందని ఇచ్చాం కదా, అది తప్పండీ. మీకు ఇంకో పరీక్ష చెయ్యాలి."

అవతలివైపు అరుపులు నాకూ వినిపిస్తున్నాయి. మరిది అడ్డుచెప్పకుండా అన్నీ విన్నాడు.

"ఇచ్చింది నేనేనండీ. అవును, నేనే." తన ఆసుపత్రి చీటీలో టైము చూసుకున్నాడు. "రేపు పదింటికి పెద్దాసుపత్రి రెండో అంతస్తుకు రండి. నేనూ అక్కడే ఉంటాను. కాదండీ, డ్యూటీలో కాదు. మీ పక్క కుర్చీలో."