ఒక్క ఫ్యాను చాలు

నేను ఒక ఫ్యానుని. ఈ మాట తునిలో అంటే ఎవరూ తలెత్తి చూడరు. మా లంపాంగ్‌లో అంటే మాత్రం చుట్టూ చేరి "ఎవరికి?" అని అడుగుతారు. ఎందుకంటే థాయిలాండులో ఫ్యాన్ అంటే ప్రియుడు, ప్రియురాలు, పెళ్ళయితే మొగుడూ పెళ్ళాం. ఇంగ్లీషువాళ్ళ దగ్గర అభిమాని అనే అర్థంతో ఆ మాట తెచ్చుకున్నారు. అభిమానం ముదిరి ఇంతదాకా వచ్చింది. నాలాంటి రెక్కల ప్రాణిని అక్కడ 'పత్‌లోమ్' అంటారు. ఈ ఒక్క ముక్క తెలియక మా మాస్టారి కాపురం పుట్టకముందే కూలబోయింది. నావన్నీ గాలి కబుర్లని కొట్టిపారేయకండి. నేను దగ్గరుండి చూశాను.

పుట్టింది బ్యాంకాక్ శివార్లలోని ఒక ఫ్యాక్టరీలో. మూడు నీలం రెక్కలు, తెల్లటి గూడు, చూడముచ్చటగా ఉండేదాన్ని. మొదట లంపాంగ్‌లో ఒక మంగలి షాపువాడు కొనుక్కున్నాడు. ఊరి జుట్టంతా నా నోట్లోనే పడేది. ఒకసారి నా మెడ దగ్గరి మర ఊడిపోతే, వెతికే ఓపిక లేక పళ్ళు కుట్టుకునే పుల్ల ఒకటి ఆ చిల్లులో దూర్చాడు. ఈ పుల్ల సంగతి మరిచిపోకండి. తరవాత వాడు నన్ను ఉబోన్ పెద్దమ్మకి అంటగట్టాడు. ఆవిడ యాభై దాటిన వితంతువు, మేడ మీద గది అద్దెకిచ్చి బతుకుతోంది. నన్ను మెట్ల కింద గుడ్డ కప్పి పడేసింది. గాలి పుట్టించేదాన్ని తీసుకెళ్ళి గాలాడని చోట పెట్టడం మనుషులకే చెల్లింది.

ఇంకో బాధ కూడా చెప్పాలి. నాకు చేతనైన సంభాషణ ఒక్కటే, తల ఎడమకీ కుడికీ తిప్పడం. ఎదుట ఎవరేమన్నా "ఊహూఁ, కాదు కాదు" అన్నట్టే ఉంటుంది.

ఏప్రిల్ ఎండల్లో ఆ గదిలోకి దిగాడు మా మాస్టారు, పొన్నాడ కామేశం. ముప్ఫయ్యారేళ్ళ బ్రహ్మచారి, అక్కడి బళ్ళో ఇంగ్లీషు చెప్పడానికి తుని నుంచి వచ్చాడు. పేరు నోరు తిరక్క ఊళ్ళోవాళ్ళు 'క్రూ కమ్' అన్నారు. క్రూ అంటే మాస్టారు. కమ్ అంటే కర్మ. మనవాళ్ళు నెత్తి కొట్టుకుని "నా ఖర్మ" అన్నట్టే వాళ్ళూ "కమ్!" అంటారు. అంటే పాపం ఆయన కర్మ మాస్టారు. ఎవరు పిలిచినా నవ్వుతూ పలికేవాడు.

వచ్చిన రోజే పెద్దమ్మని ఇంగ్లీషులో అడిగాడు.

"రూములో ఫ్యాన్ లేదాండీ?"

"లేదు," అంది పెద్దమ్మ మొహం చిట్లించి.

"ఫ్యాన్ లేకపోతే నాకు నిద్ర పట్టదండీ. ఒక్కటి చాలు. పాతదైనా పరవాలేదు."

పాతదైనా అనేసరికి పెద్దమ్మ చెయ్యి తనకు తెలియకుండానే జుట్టు సర్దుకుంది. నేను గుడ్డ చిరుగులోంచి చూస్తూనే ఉన్నాను. ఈయన అక్కడితో ఆగితేనా!

"ఇండియాలో నా ఫ్యాన్ మరీ ముసలిదండీ. రాత్రంతా మూలిగేది. నెత్తి మీద ఒక్కటిస్తే గానీ తిరిగేది కాదు."

చీపురు లేచింది. మాస్టారు మెట్ల కిందికి పరిగెత్తి నా మీద పడ్డాడు. గుడ్డ జారింది. నన్ను కావలించుకుని "ఇదే! ఇదేనండీ ఫ్యాన్!" అని కేక పెట్టాడు.

"పత్‌లోమ్?" అంది పెద్దమ్మ. చీపురు కింద పడింది.

ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. ఏమని చెబుతుంది? ఆ సాయంత్రమే మాస్టారు వాళ్ళ అక్క సత్యవేణికి ఫోను చేసి, "ఇక్కడ కొత్తగా దిగినవాళ్ళకి చీపురుతో స్వాగతం చెప్తారే అక్కా. ఆచారం కాబోలు," అన్నాడు. రోజూ సాగే ఆ ఫోను కబుర్లలోనే నాకు తెలుగు వచ్చింది. నా మాటలో యాస వినిపిస్తే తప్పు నాది కాదు, ఆ తుని అక్కాతమ్ముళ్ళది.

నన్ను కిటికీలో పెట్టాడు. సరిగ్గా కిందే ఓయ్ నూడుల్స్ కొట్టు. ఓయ్ అంటే మనం పిలిచే పిలుపు కాదు, చెరుకు అని అర్థం. కొట్టు నడిపే పిల్ల పేరు అది. ముప్ఫై దాటింది, పెళ్ళి కాలేదు, ఎర్రటి పులుసులో నూడుల్స్ వేసిస్తే వీధంతా జుర్రుకునేది. మాస్టారు రెండు పూటలా అక్కడే తినేవాడు. మొదటివారం పిలవబోయి "ఓయ్!" అని, తనకు తనే నాలిక కరుచుకుని, "ఓయ్ గారూ" అనడం మొదలుపెట్టాడు.

ఒకరోజు ధైర్యం చేసి థాయ్‌లో ఆమె అందాన్ని మెచ్చుకున్నాడు. 'సువయ్' అనాలి. చివర గొంతు పైకి లేపితే అందగత్తె. లేపకపోతే శనిపట్టిన మనిషి. మన గొంతు కదులుతున్న బస్సుని ఆపేటప్పుడు తప్ప పైకి లేవదు కదా! నిండు కొట్టులో చెయ్యి గుండె మీద పెట్టుకుని, "ఓయ్ గారూ, మీరు చాలా శనిపట్టినవారు" అన్నాడు. ఓయ్ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆయన కళ్ళలోకి చూసింది. అర్థమై పడీ పడీ నవ్వింది. ఆ సాయంత్రం ఫోనులో 555 అని మెసేజి పంపింది. అక్కడ ఐదుని 'హా' అంటారు, మూడు ఐదులంటే హహహ అని. మాస్టారు మార్కులనుకుని, "ఎన్నింటికి?" అని అడిగాడు. మళ్ళీ 555 వచ్చింది.

ఇలా ఉండగా బ్యాంకాక్‌లో ఉన్న ఓయ్ మేనమామ ఆమె కోసం అక్కడ ఒక కొట్టు చూశానని, ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పమని కబురు పెట్టాడు. వెళ్ళాలా ఉండాలా అని ఆ పిల్ల మూడు రోజులు పులుసులో ఉప్పు మరిచిపోయింది. చివరికి మాస్టారి గిన్నె ముందు నిలబడి, తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని అడిగింది.

"మాస్టారూ, మీకు ఫ్యాన్ ఉందా ఖా?" ఆ ఖా ఆడవాళ్ళ మర్యాద, మన 'అండీ' లాగా.

"ఉంది!" అన్నాడు సంబరంగా. "పెద్దమ్మగారిచ్చారు. రాత్రంతా నా పక్కనే."

అయ్యో నా తండ్రీ! పైనుంచి నేను తల తిప్పుతున్నాను, కాదు కాదు, నోరు ముయ్యి అని. గాలి చాలట్లేదు.

"ఇండియాకి... తీసుకెళ్తారా?" ఓయ్ గొంతు సన్నబడింది.

"అబ్బే! ఎవరికైనా ఇచ్చేస్తా. మీకు కావాలా?"

ఓయ్ గిన్నె తీసేసింది. ఇంకా సగం ఉంది అందులో. మర్నాడు సామాను మూటలు కట్టడం మొదలైంది.

"వెళ్ళిపోతోందే అక్కా," అన్నాడు మాస్టారు ఫోనులో. ఆ గొంతు వింటే నా మోటారు వేడెక్కిపోయింది. "నిన్ననే ఎంత ఆప్యాయంగా ఫ్యాన్ ఉందా అని అడిగిందో. అంతలోనే ఏమైందో."

"నీ మనసులో మాట చెప్పావురా?"

"లేదే."

"ఊరందరికీ మాటలు నేర్పే మాస్టారివి, నీ నోట్లో నాలుక లేదేంట్రా? పోనీ, వెళ్ళేముందు ఏదైనా ఇచ్చి పంపు."

ఏమిచ్చాడనుకున్నారు? నన్నే. ఆదివారం పొద్దున్న నన్ను చంకనెత్తుకుని కొట్టుకి దిగాడు. పెద్దమ్మ అక్కడే మూటలు కట్టిస్తోంది. నన్ను బల్ల మీద పెట్టి, స్విచ్చి వేసి, తడి కళ్ళతో అన్నాడు:

"ఓయ్ గారూ, ఇదిగో నా ఫ్యాన్. మీరే ఉంచుకోండి."

ఓయ్ నా వైపు చూసింది. ఆయన వైపు చూసింది. "ఇదా... ఫ్యాన్?"

పెద్దమ్మకి చీపురు గుర్తొచ్చింది. నెత్తి కొట్టుకుంటూ "కమ్! కమ్!" అని అరిచింది.

"ఏమండీ?" అన్నాడు మాస్టారు.

పెద్దమ్మ సిగ్గు పక్కన పెట్టి మెట్ల కథంతా థాయ్‌లో చెప్పేసింది. ఓయ్ మూట మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తరవాత లేచి, ఆయనకి ఎదురుగా నిలబడింది.

"మాస్టారూ, ఇది పత్‌లోమ్. ఫ్యాన్ అంటే... తోడుండే మనిషి." వేలు తన గుండె వైపు తిప్పుకుంది. "మాస్టారికి ఫ్యాన్ కావాలా ఖా?"

మాస్టారి మొహం టమాటా పండయింది. తెలుగు, ఇంగ్లీషు, థాయ్ మూడూ ఒకేసారి గొంతులో ఇరుక్కున్నాయి. నేనా, ఆయన పక్కనే నిలబడి, కాదు కాదు కాదు అని తల తిప్పుతున్నాను! పుట్టుకే అంత. పెద్దమ్మ నన్ను చూసి "వద్దంటోంది" అని గొణిగింది. ఓయ్ వేలు మెల్లగా దిగిపోతోంది. నా జన్మలో అంత బలంగా ఎప్పుడూ తిరగలేదు. ఒళ్ళంతా ఊగించాను. టప్పున మంగలివాడి పుల్ల విరిగింది. నా తల ముందుకి వాలింది. లేచింది. మళ్ళీ వాలింది.

ఓయ్ నవ్వింది. అది చూసి మాస్టారికి నోరు వచ్చింది.

"కావాలి," అన్నాడు. "ఒక్కటి చాలు."

మూటలు విప్పేశారు. ఇప్పుడు నేనుండేది ఆ కొట్టులోనే, పొయ్యి పక్కన. మెడ బాగు చేయించనివ్వలేదు ఓయ్. ఆ సాయంత్రం మాస్టారు తునికి ఫోను చేసి, ఆనందం పట్టలేక, "అక్కా! నాకు ఫ్యాన్ దొరికిందే!" అన్నాడు.

"పోనీలే నాయనా, ఈ ఎండల్లో బతికావు," అంది సత్యవేణమ్మ. "ఎన్ని రెక్కలదిరా?"